పడవ మీద నుంచి పులిని చూడాలనుకునే పాఠకులకు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే కోరికను తెలిపాయి. నదిలో పడవ మీద వెళ్తూ, అడవిలో స్వేచ్ఛగా తిరిగే పెద్దపులినో, చిరుతపులినో, దక్షిణ అమెరికాలో చిరుతను పోలి ఉండే జాగ్వార్‌నో చూడాలని ఆ పాఠకుల ఆశ. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా బ్రెజిల్‌లోని సావో పాలోలో ఉంటున్నాడు. వచ్చే ఏడాది నన్నూ మా ఆవిడనూ రమ్మంటున్నాడు. అక్కడ పంటనాల్ అనే చోట పడవలో తిరిగితే జాగ్వార్ కనిపించడం ఖాయమని చెబుతున్నాడు. అడవి జంతువు విషయంలో ఖాయమనే మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అది నిజమేనా? నిజమైతే ఏ నెలలో వెళ్లాలి, ఎన్ని రోజులు ఉండాలి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆమదాలవలస)

జవాబు: మాస్టారూ, మీ సందేహం సరైనదే, కాని మీ అబ్బాయి మాటలో అతిశయోక్తి కూడా తక్కువే. సరైన నెలల్లో, సరైన నదీ పాయల్లో మూడు పూర్తి రోజులు పడవలో గడిపినవారిలో ఎక్కువమంది జాగ్వార్‌ను చూసే తిరిగి వస్తారు. పులి, సింహం, చిరుత వంటి పెద్ద జంతువుల్లో మరి దేనినీ పడవ మీద నుంచి ఇంత నమ్మకంగా చూడగలిగిన చోటు నాకు తెలిసి లేదు. దీనికి అదృష్టం కంటే ఆ నేల తీరు, ఆ జంతువు బతుకుదెరువు ముఖ్య కారణాలు. అవి అర్థమైతే ఎప్పుడు వెళ్లాలో, ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది.

పంటనాల్ అనేది బ్రెజిల్, బొలీవియా, పరాగ్వే దేశాల్లో పరుచుకున్న చిత్తడి మైదానం. విస్తీర్ణంలో సుమారు మన ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది, అందులో ఎక్కువ భాగం బ్రెజిల్‌లోనే ఉంది. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి వరకు కురుస్తాయి. నేల దాదాపు సమతలంగా ఉండటం వల్ల వరద నీరు తొందరగా దిగిపోదు. నెలల తరబడి పచ్చిక మైదానాల మీద నిలిచి, జూన్ తర్వాతనే నదుల్లోకి ఒదుగుతుంది. అప్పటిదాకా చెల్లాచెదురుగా ఉన్న జంతువులన్నీ నీటి కోసం ఒడ్డుకు చేరతాయి. పంది అంత పెరిగే కాపిబారా అనే ఎలుకజాతి జంతువు ఒడ్డున గడ్డి మేస్తుంది, కైమన్ అనే మొసళ్లు ఇసుక తిన్నెల మీద బారులు తీరి ఎండ కాచుకుంటాయి. జాగ్వార్‌కు ఈ రెండూ ఇష్టమైన ఆహారం కాబట్టి అది ఒడ్డు వెంబడే నడుస్తూ, పొదల చాటున ఆగుతూ, అవసరమైతే నదిని ఈదుతూ వేటాడుతుంది. సాధారణంగా పులి, సింహం పెద్ద జంతువులను గొంతు పట్టి చంపుతాయి. జాగ్వార్ మాత్రం వెనుక నుంచి తల మీద పడి, కోరలను పుర్రెలోకి దించుతుంది. ఆ దవడల బలం వల్లనే మొసలిని నీటిలోనే చంపి, ఒడ్డు మీదికి ఈడ్చుకెళ్లగలదు. మొసలి ఎండ కాచుకునేది పగటి పూట కాబట్టి జాగ్వార్ వేట కూడా అక్కడ చాలాసార్లు పట్టపగలే జరుగుతుంది, చూడవచ్చినవారికి అది గొప్ప అవకాశం.

రెండో కారణం మనుషులకు సంబంధించినది. పోర్టో జోఫ్రె అనే చిన్న స్థావరం చుట్టూ ఉన్న నదీ పాయల్లో ఏళ్ల తరబడి పడవలు తిరుగుతున్నా వాటి వల్ల హాని కలగకపోవడంతో, అక్కడి జాగ్వార్లు పడవను పట్టించుకోవడం మానేశాయి. మనిషిని చూసి పారిపోవలసిన పని లేదని ఒక క్రూరమృగం తెలుసుకోవడానికి ఎంత కాలం పట్టి ఉంటుందో ఊహించండి. ఆ నమ్మకాన్ని నిలబెట్టవలసిన బాధ్యత అక్కడికి వెళ్లే ప్రతి ఒక్కరి మీదా ఉంది.

మీరు జులై నుంచి అక్టోబరు లోపు వెళ్లండి. ఆగస్టు, సెప్టెంబరు అన్నిటికంటే మంచివి. జులైలో దక్షిణం నుంచి వీచే చల్లగాలుల వల్ల ఒక్కోసారి చలికోటు లేనిదే పడవలో కూర్చోలేరు. సెప్టెంబరు చివరికి ఎండ మన రోహిణీ కార్తెను తలపిస్తుంది. 2020లో వచ్చిన కార్చిచ్చులు పంటనాల్‌లో పావు వంతుకు పైగా దహించాయి, జాగ్వార్లు ఎక్కువగా తిరిగే రాష్ట్ర ఉద్యానంలో అయితే చాలా భాగం కాలిపోయింది. మంటల కాలం కూడా ఇదే కాబట్టి బయలుదేరే ముందు అక్కడి పరిస్థితిని మీ అబ్బాయి చేత తప్పక కనుక్కోండి.

సావో పాలో నుంచి కుయాబా నగరానికి విమానం ఉంది. అక్కడి నుంచి పొకోనె అనే ఊరు దాటాక సుమారు 145 కిలోమీటర్ల మట్టిరోడ్డు, దాని మీద వందకు పైగా చిన్న వంతెనలు వస్తాయి. ఆ రోడ్డు చివరే పోర్టో జోఫ్రె. ఆ దారిని కేవలం ప్రయాణంగా భావించకండి. జబిరు కొంగలు, నీలి మకా చిలుకలు, వందల కొద్దీ కైమన్లు ఆ రోడ్డు పక్కనే కనిపిస్తాయి. నది మీద మూడు పూర్తి రోజులు ఉండేలా చూసుకోండి. ఒక్క రోజుకు వెళ్లడం అంత దూరం, అంత ఖర్చు పెట్టుకున్నందుకు న్యాయం కాదు.

అక్కడి పడవలు కొద్దిమంది మాత్రమే కూర్చునే చిన్న మోటారు పడవలు. సూర్యోదయానికి బయలుదేరి, మధ్యాహ్నం కాసేపు నీడన ఆగి, పొద్దు గూకే దాకా తిరుగుతారు. పడవలో మరుగుదొడ్డి ఉండదు, నీడ కూడా తక్కువే, కాబట్టి మీ ఇద్దరి వయసు దృష్ట్యా మధ్యాహ్నం బసకు తిరిగివచ్చే ఏర్పాటు ముందే అడగండి. పడవ నడిపేవారు రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు. అందుకే ఒక జాగ్వార్ కనిపించిన కొద్దిసేపటికే అక్కడ పడవల గుంపు చేరుతుంది, ఆ ప్రయాణంలో నాకు నచ్చని విషయం ఇదొక్కటే. వేటాడుతున్న జంతువు తన పని ఆపి పడవల వైపు చూస్తున్నదంటే మనం దానికి అడ్డు వచ్చామని అర్థం. అప్పుడు వెనక్కి తీయమని పడవవాడికి చెప్పే హక్కు మీకు ఉంది, ఆ మాట మొదట అనేది మీరే కావాలని నా కోరిక.

ప్రశ్న: జాగ్వార్, చిరుత ఒకటేనా? రెండింటికీ మచ్చలున్నాయి కదా. (డిగ్రీ విద్యార్థిని, విజయనగరం)

జవాబు: ఒకటి కాదమ్మా. చిరుత ఆసియా, ఆఫ్రికాల్లో ఉంటుంది. జాగ్వార్ అమెరికా ఖండాల్లోనే ఉంటుంది. రెండింటి ఒంటి మీదా పూల వంటి మచ్చలు ఉంటాయి గాని, జాగ్వార్ మచ్చ మధ్యలో చిన్న చుక్కలు కనిపిస్తాయి. దాని తల పెద్దది, కాళ్లు పొట్టివి, ఒళ్లు బరువైనది. పంటనాల్‌లోని మగవి వంద కిలోలు దాటతాయి. ఏ రెండు జాగ్వార్లకూ మచ్చలు ఒకే విధంగా ఉండవు కాబట్టి పరిశోధకులు ఫొటోలను బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపడతారు. నల్ల చిరుత, నల్ల జాగ్వార్ అనేవి వేరే జాతులు కావు. ఎండలో దగ్గరగా చూస్తే ఆ నలుపు కిందా మచ్చలు కనిపిస్తాయి.

ప్రశ్న: గత డిసెంబరులో కుటుంబంతో పశ్చిమ బెంగాల్‌లోని సుందర్బన్స్ అడవులకు వెళ్లి మూడు రోజులు లాంచీలో తిరిగాం. పులి ఒక్కసారి కూడా కనిపించలేదు. బురదలో అడుగుజాడలు చూపించి ఇదే పులి అన్నారు. డబ్బు తీసుకున్న ఏజెంటు మాత్రం పులిని తప్పక చూపిస్తామని ముందే చెప్పాడు. మేము మోసపోయామా? (వ్యాపారి, రాజాం)

జవాబు: తప్పక చూపిస్తామన్న ఏజెంటు మాట తప్పు. కాని లాంచీ మీద ఉన్న గైడు మిమ్మల్ని మోసగించలేదు, మీరు చూసిన అడుగుజాడలు మీరు అనుకున్నదాని కంటే చాలా విలువైనవి.

2022 లెక్క ప్రకారం భారతదేశం వైపున్న సుందర్బన్స్‌లో సుమారు వంద పులులు ఉన్నాయి. అవి తిరిగే మడ అడవి లెక్కలేనన్ని పాయలతో చీలిపోయి, నీటి అంచు దాకా దట్టంగా పెరిగి ఉంటుంది. లాంచీ మీద నుంచి మనకు కనిపించేది ఒడ్డున ఉన్న సన్నని బురద పట్టీ మాత్రమే. దాని వెనుక పది అడుగుల దూరంలో పులి పడుకుని ఉన్నా తెలియదు. పైగా యాత్రికుల లాంచీలను కొన్ని పాయల్లోకే అనుమతిస్తారు, చీకటి పడ్డాక ఎక్కడో ఒకచోట లంగరు వేయవలసిందే. పులి ఎక్కువగా తిరిగేది ఆ చీకటి వేళల్లోనే. ఈ పరిమితులన్నీ అడవి మేలు కోసం పెట్టినవి, వాటిని నేను పూర్తిగా సమర్థిస్తాను.

ఇక అడుగుజాడల సంగతి చూద్దాం. అక్కడ సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు వచ్చి ఒడ్డును ముంచి, మళ్లీ రెండుసార్లు ఆటుకు దిగిపోతుంది. పోటు నీరు అందే చోట బురదలో ఉన్న పాత గుర్తులన్నీ కొట్టుకుపోతాయి. అంటే ఆ పట్టీలో మీకు చెక్కుచెదరకుండా కనిపించిన జాడ అంతకు ముందు వచ్చిన పోటు దిగిపోయాక పడినదే. మీ లాంచీ అక్కడికి చేరడానికి కొద్ది గంటల ముందే ఆ పులి ఆ ఒడ్డు దాటి వెళ్లింది. అది ఏ వైపు నుంచి నీళ్లలోంచి లేచిందో, ఎక్కడ అడవిలోకి దూరిందో కూడా ఆ జాడ చెబుతుంది. పులి కనిపించని మూడు రోజులు వృథా అయ్యాయని మీరు రాశారు. నా దృష్టిలో అవి వృథా కావు.

మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే తేదీని పోటుపాట్ల లెక్క చూసి ఎంచుకోండి. ఆటు వేళ బురద పట్టీ బయటపడినప్పుడు జింకలు, అడవి పందులు ఒడ్డుకు వస్తాయి, వాటి వెనుక పులి రావచ్చు; పాయను ఈదవలసి వస్తే ఆ సమయంలో దాని ఒళ్లు మనకు కనిపిస్తుంది. ఈ ఆటు ఉదయం తొలి గంటల్లోనో, సాయంత్రం పొద్దు వాలే వేళకో పడే రోజులైతే మరీ మంచిది. పోటుపాట్లు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ వస్తాయి, అమావాస్య, పౌర్ణమిల దగ్గర నీరు మరింత దూరం లాగుతుంది. ఈ సంగతి మన తీరంలో ఏ మత్స్యకారుణ్ణి అడిగినా చెబుతాడు గాని, యాత్ర తేదీలు నిర్ణయించే ఏజెంట్లు మాత్రం పట్టించుకోరు. చలికాలంలో పులి ఎండ కోసం బురద ఒడ్డు మీద పడుకునే అవకాశం కూడా ఉంటుంది. సజ్నేఖాలి, సుధన్యఖాలి, దోబాంకి మంచెల దగ్గర తొందరపడకుండా కూర్చోండి; అక్కడి మంచినీటి గుంటలకు జంతువులు వస్తాయి. మీకు మంచిగా తోచిన గైడు పేరు గుర్తుంటే మళ్లీ ఆయన్నే అడగండి.

ప్రశ్న: అంత దూరం వెళ్లలేనివారికి దగ్గరలో ఇలాంటి అవకాశం ఎక్కడ ఉంది? పాపికొండల పడవలో పులి కనిపిస్తుందా? (గృహిణి, బొబ్బిలి)

జవాబు: పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానం. ఆ కొండల్లో చిరుతలు ఉన్నాయి, పెద్దపులి జాడలూ దొరుకుతుంటాయి. కాని పెద్ద ఇంజను చప్పుడుతో, మైకులో పాటలతో వెళ్లే లాంచీ మీద నుంచి వాటిని చూస్తామని ఆశించకండి. గోదావరి అందం కోసం వెళ్లండి.

ఒడిశాలో మహానది కొండల మధ్య ఇరవై కిలోమీటర్లకు పైగా ఒదిగి పారే సత్కోసియా మనకు దగ్గరే. అక్కడ 2018లో మధ్యప్రదేశ్ నుంచి ఒక మగపులిని, ఒక ఆడపులిని తెచ్చి వదిలారు. మగపులి ఆ ఏడాదే ఉచ్చు తగిలిన గాయంతో చనిపోయింది, ఆడపులిని చివరికి తిరిగి పంపవలసి వచ్చింది. చుట్టూ ఉన్న పల్లెలవారి సమ్మతి, భద్రత లేకుండా పులిని లారీలో తెచ్చి దించినంత మాత్రాన అడవి నిండదని ఆ ఘటన చూసి నాకు చాలా బాధ కలిగింది. ఇప్పుడు అక్కడికి వెళ్లేవారు మొసళ్లు, సన్నని పొడవాటి మూతి ఉండే ఘరియాల్‌ల కోసం వెళ్లవచ్చు.

మన దేశంలో పడవ మీద నుంచి పులినో చిరుతనో చూడటానికి నేను మొదట సూచించేది కర్ణాటకలోని కబిని. మార్చి నుంచి మే వరకు జలాశయం కుంచించుకుపోయి, ఒడ్డున పచ్చిక బయటపడుతుంది. ఏనుగులు మందలుగా చేరతాయి, జింకల కోసం పులి, చిరుత కూడా నీటి అంచుకు వస్తాయి. పంటనాల్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది: నీరు తగ్గుతుంది, ఆహారం ఒడ్డున పోగవుతుంది. మైసూరు నుంచి సుమారు రెండు గంటల దారి. వేసవి సెలవుల్లో వెళ్లాలంటే నెలల ముందే గది చూసుకోవాలి. జీపు సఫారీ కూడా ఒకటి రెండు పూటలు పెట్టుకుంటే అవకాశం పెరుగుతుంది.

ప్రశ్న: మా వాళ్లంతా చేపల వేట మీద బతికినవాళ్లే, నీళ్లంటే మాకు భయం లేదు. కాని పులి బాగా ఈదుతుందంటారు. పడవలోకి దూకితే ఏం చేయాలి? (మత్స్యకార యువకుడు, కళింగపట్నం)

జవాబు: పులి బాగా ఈదుతుందన్నది నిజం. సుందర్బన్స్‌లో దాని బారిన పడేవారు ఎక్కువగా తేనె కోసం, పీతల కోసం అడవి నేల మీద అడుగుపెట్టేవారు, ఇరుకు పాయల్లో ఒడ్డుకు ఆనుకుని చిన్న నాటు పడవల్లో ఉండేవారు. బతుకు కోసం వెళ్లే ఆ పేదల ప్రమాదాన్ని యాత్రికుల ప్రమాదంతో పోల్చకూడదు. నది మధ్యలో పోయే ఎత్తయిన లాంచీకి ఆ ముప్పు దాదాపు లేదు. పంటనాల్‌లో అయినా, ఇక్కడైనా ఫొటో కోసం ఒడ్డున దిగకపోతే చాలు.

యాత్రికులను చంపేది పులి కంటే నీరు. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి సరస్సులో పడవ మునిగి 45 మంది చనిపోయారు. జంతువులను చూడటానికి జనం ఒక పక్కకు చేరడం కూడా పడవ ఒరిగిన కారణాల్లో ఒకటిగా అప్పట్లో చెప్పారు. 2019 సెప్టెంబరులో వరద గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగింది మనం ఎన్నటికీ మరిచిపోలేం. నీళ్లకు భయపడని మీవంటివారే లైఫ్ జాకెట్ వద్దంటారు, మిమ్మల్ని చూసి మిగిలినవారూ విప్పేస్తారు. దయచేసి వేసుకోండి. జంతువు కనిపించిందని ఎవరైనా అరిచినప్పుడు కూర్చున్న చోటు నుంచి లేవవద్దని పక్కవారికి చెప్పండి.

ప్రశ్న: ఫొటోలకు ఎలాంటి కెమెరా కావాలి? (పాఠకుడు, పలాస)

జవాబు: 400 మిల్లీమీటర్ల దాకా వెళ్లే జూమ్ లెన్సు పంటనాల్‌లో చాలు. పడవ కదులుతూ ఉంటుంది కాబట్టి షటర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గనివ్వకండి. ముక్కాలి స్టాండు పనికిరాదు. కెమెరా లేనివారు మంచి బైనాక్యులర్లు కొనుక్కుంటే, ఫోను తెర మీద చుక్కలా కనిపించే జంతువును కళ్లారా చూడగలుగుతారు. ఈ రెండింటిలో ఒకటే కొనగలిగితే బైనాక్యులర్లే కొనండి.

ప్రశ్న: 2022లో మా జిల్లాలో పెద్దపులి తిరిగినప్పుడు పశువులను పోగొట్టుకుని, రాత్రిళ్లు నిద్ర లేకుండా గడిపాం. పులిని చూడటానికి లక్షలు ఖర్చు పెట్టడం మాకు వింతగా ఉంది. ఇది సమంజసమేనా? (రైతు, గజపతినగరం)

జవాబు: అయ్యా, మీ ప్రశ్న ఈ నెల వచ్చిన వాటన్నిటిలో బరువైనది. ఆ ఏడాది కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో మొదలై, అనకాపల్లి మీదుగా విజయనగరం జిల్లా దాకా కనిపించిన పులి జాడల వల్ల మీవంటి రైతులు పడిన ఆందోళన ఎవరూ తేలికగా తీసుకోదగినది కాదు. పులిని చూసి ఆనందించేది ఒకరు, దాని వల్ల ఆవును పోగొట్టుకునేది మరొకరు అయినంత కాలం ఈ వ్యవహారంలో న్యాయం లేదు.

పంటనాల్ కూడా పశువుల మేత భూమే. అక్కడి పశువుల కాపరులు తరతరాలుగా జాగ్వార్‌ను శత్రువుగా చూసి కాల్చేవారు. 2017లో వెలువడిన ఒక అధ్యయనం పోర్టో జోఫ్రె ప్రాంతంలో జాగ్వార్‌ను చూడటానికి వచ్చేవారి వల్ల ఏడాదికి సుమారు 68 లక్షల డాలర్ల రాబడి వస్తున్నదని, అదే ప్రాంతంలో జాగ్వార్లు చంపే పశువుల విలువ సుమారు 1.2 లక్షల డాలర్లని లెక్క కట్టింది. ఆ రాబడిలో ఒక చిన్న భాగం పశువు పోయినవారికి చేరినా నష్టం పూడుతుంది. చేరేలా చేయడమే కష్టమైన పని, మన దగ్గర కూడా కష్టపరిహారం వేగంగా, పూర్తిగా అందాలన్న మీ డిమాండు న్యాయమైనది.

పులి మళ్లీ వచ్చిందని తెలిస్తే గుంపులుగా వెంట పడకండి. బెదిరిన పులే ప్రమాదకరం. పాదముద్ర కనిపిస్తే దాని మీద ఒక బుట్ట బోర్లించి, అటవీ సిబ్బందికి చెప్పండి. కొలిచి చూసి అది పులిదో, చిరుతదో, హైనాదో వారు తేలుస్తారు. చనిపోయిన పశువును కదపవద్దు, ఫొటో తీసి కబురు చేయండి, పరిహారానికి అదే ఆధారం. పులి తన వేట దగ్గరికి తిరిగి వస్తుంది కాబట్టి కొందరు కోపంతో కళేబరానికి విషం పూస్తారు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఆ విషం ఊరి కుక్కలనూ చంపుతుంది. పశువులను కొన్నాళ్లు కొట్టంలోనే ఉంచి, తెల్లవారుజామున, మునిమాపున ఒంటరిగా పొలానికి వెళ్లకండి.

ప్రశ్న: బ్రెజిల్ వెళ్లేవారికి ఏదో టీకా తప్పనిసరి అంటున్నారు. నిజమా? (నర్సు, టెక్కలి)

జవాబు: నిజం. పసుపు జ్వరం టీకా వేయించుకుని, పసుపు రంగు ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేసుకుంటే జీవితకాలం చెల్లుతుంది. ఆ పత్రం లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగివస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అవకాశం ఉంది. అరవై ఏళ్లు దాటినవారికి ఈ టీకా వల్ల దుష్ప్రభావాలు కొంత ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి, ఆమదాలవలస మాస్టారు దంపతులు కూడా ముందుగా తమ వైద్యుడితో మాట్లాడి, ఆ తర్వాతే టికెట్లు కొనాలని కోరుతున్నాను.